రద్దయిన రైలుకు ఆలస్యం లేదు

కొమరోలులో ఆ మధ్య కొందరు స్త్రీలతో కూర్చుని వలసల గురించి మాట్లాడుతున్నాను. చేతిలో ప్రశ్నాపత్రం ఉంది. ఏ పనికి పోతారు, ఎన్నాళ్లుంటారు, కూలి ఎంత, ప్రయాణం ఎలా అని వరుసగా అడుగుతూ రాసుకుంటున్నాను. "రైలు ఎప్పుడైనా బాగా ఆలస్యమైందా? ఎన్ని గంటలు?" అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నలభై ఏళ్లామె ఒకావిడ నవ్వింది. "రైలు ఆలిస్యం కాలేదు మేడం. అసలు రానే లేదు. ఆలిస్యమైంది నేను. మూడో రోజుకు ఇల్లు చేరినా" అంది.

ఆమె పత్తి తీతకు పల్నాడు వైపు వెళ్లింది. వెంట కోడలు, చంకలో పసిబిడ్డ. తిరిగి వచ్చే రోజు వాన పట్టింది. పాసింజరు రద్దయింది. దారిలో ఒక చిన్న స్టేషన్లో రాత్రంతా ప్లాట్‌ఫారం మీద తడి బట్టలతో గడిపారు. మరుసటి సాయంత్రానికి వేరే రైలు దొరికి గిద్దలూరులో దిగితే కొమరోలుకు చివరి బస్సు వెళ్లిపోయింది. ఆటోవాడు అడిగినంత వాళ్ల దగ్గర లేదు. బస్టాండులోనే తెల్లవారింది. ఇంటికి చేరేసరికి బిడ్డకు జ్వరం. ఆ జ్వరానికైన ఖర్చు, పోయిన పనిరోజులు కలిపితే పత్తి తీసి తెచ్చుకున్న డబ్బులో ఎంత మిగిలిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేకపోయాను.

నా ప్రశ్నాపత్రంలో "ఆలస్యం: గంటల్లో" అని ఒక గడి ఉంది. అందులో ఏం రాయాలి? నడవని రైలుకు ఆలస్యం ఉండదు. రద్దయిన రైలు లెక్కలో సున్నా. ఆ సున్నా వెనక మూడు రోజులున్నాయి, ఇద్దరు స్త్రీలున్నారు, ఒక పసిబిడ్డ ఉంది. ఆ గడి గీసింది నేనే. రైలు వైపు నుంచి గీశాను, ప్రయాణించే మనిషి వైపు నుంచి గీయలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ గడే.

కొలిచే గీత ఎవరిది?

వాతావరణ మార్పు ఇవాళ ప్రభుత్వాల భాషలోకి, నిధులిచ్చే సంస్థల భాషలోకి వచ్చేసింది. తుఫానులు, కుండపోత వానలు, వడగాడ్పులు పెరుగుతున్న కొద్దీ రోడ్లు, వంతెనలు, రైలు మార్గాలు వాటిని ఎంతవరకు తట్టుకుంటాయి, దెబ్బతింటే ఎంత త్వరగా తేరుకుంటాయి అని కొలవాలంటున్నారు. 2019లో భారత ప్రభుత్వం చొరవతో విపత్తులను తట్టుకునే మౌలిక వసతుల కోసం ఒక అంతర్జాతీయ కూటమే ఏర్పడింది. మంచిదే. కొలవనిదాన్ని బాగుచేయమని అడగడం కష్టం.

ఈ కొలత ఎలా చేస్తారో తెలుసుకోవడం మనకు అవసరం. ఇంజనీర్లు ఒక గ్రాఫు గీస్తారు. అడ్డంగా కాలం, నిలువుగా సేవ. మామూలు రోజుల్లో గీత పైన నూటికి నూరు దగ్గర సాగుతుంది. వరద రాగానే ఒక్కసారిగా కిందికి పడుతుంది. మరమ్మతులు జరిగేకొద్దీ మెల్లగా పైకి ఎక్కుతుంది. పడిన చోటికీ మళ్లీ పైకి చేరిన చోటికీ మధ్య ఒక త్రికోణం ఏర్పడుతుంది. ఆ త్రికోణం ఎంత చిన్నదైతే వ్యవస్థ అంత గట్టిది. 2003లో అమెరికాలో భూకంపాల మీద పనిచేసే పరిశోధకులు దీనికి నాలుగు గుణాలు చెప్పారు: దెబ్బకు తట్టుకునే దృఢత్వం, ఒకటి పోతే ఇంకొకటి ఉండే ప్రత్యామ్నాయం, ఉన్నవాటిని సమకూర్చుకునే నేర్పు, తేరుకునే వేగం. రైల్వేలకు కూడా ఇదే పద్ధతి వాడుతున్నారు.

పద్ధతిలో తప్పు లేదు. కానీ నిలువు గీత మీద ఏం పెడుతున్నాం? రైలు పట్టానా? నడిచిన రైళ్ల సంఖ్యా? మోసిన సరుకు టన్నులా? వచ్చిన ఆదాయమా? లేక మనుషులు ఇల్లు చేరడమా? మొదటివి పెడితే గూడ్సు రైళ్లు, ఎక్స్‌ప్రెస్‌లు కదలగానే గీత పైకి ఎక్కేస్తుంది. త్రికోణం ముడుచుకుపోతుంది. పాసింజరు బండి ఇంకా షెడ్డులోనే ఉన్నా, కొమరోలు ఆమె ఇంకా బస్టాండులోనే ఉన్నా, రైల్వే తేరుకున్నట్టే.

కరువు వేసిన రైలు దారి

మా ప్రాంతానికి ఈ కొలతలు కొత్త కాదు. గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు మీదుగా కృష్ణ దాకా పోయే దారి పుట్టిందే ఒక వాతావరణ విపత్తులోంచి. 1876-78 ధాత కరువులో మద్రాసు రాజధానిలో లక్షల మంది చనిపోయారు. అప్పుడు కంభం, మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. ఆ కరువు ఘోరంగా కొట్టిన జిల్లాల్లో కర్నూలు ఒకటి. ఆ తర్వాత 1880 కరువు కమిషన్ తిండిగింజలు చేరవేయడానికి "రక్షక" రైలు మార్గాలు వేయాలంది. నల్లమల కొండలను దాటే ఈ మీటరు గేజి లైను అలాంటి ఆలోచనతో వచ్చిందే. 1990లలో బ్రాడ్‌గేజి అయింది.

అదే కరువులో ఇంకొక కొలత కూడా జరిగింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మట్టి మోసే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానిమీద కొద్దిపాటి డబ్బు సరిపోతుందని నిర్ణయించాడు. అది మగవాడి లెక్క. స్త్రీకి అంతకన్నా తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అది మనిషి బతకడానికి చాలదని వాదించాల్సి వచ్చింది. ఖజానా వైపు నుంచి చూస్తే టెంపుల్ కొలత సమర్థమైనదే, ఖర్చు తగ్గించింది. తట్ట మోసిన శరీరం వైపు నుంచి చూస్తే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఏ కొలతైనా ఎవరో ఒకరి పక్కన నిలబడి చేసేదే. తటస్థంగా ఉన్నానని చెప్పుకునే కొలత సాధారణంగా ఖజానా పక్కన నిలబడుతుంది.

పాసింజరు ఎక్కిన వాళ్లు

2005 అక్టోబరు 29 తెల్లవారుజామున నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర (మన వెలిగొండ కాదు) ఒక చెరువు తెగింది. ఆ నీటి ఉరవడికి చిన్న రైలు వంతెన కొట్టుకుపోయింది. రేపల్లె నుంచి సికింద్రాబాదు వెళ్తున్న డెల్టా పాసింజరు బోగీలు నీళ్లలో పడ్డాయి. వందమందికి పైగా చనిపోయారు. తెగింది రైల్వే చెరువు కాదు. చచ్చిపోయింది రైల్వే ప్రయాణికులు.

2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో కుండపోత వానకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. రైళ్లు స్టేషన్లలో నిలిచిపోయాయి, ప్రయాణికులను బస్సుల్లో తరలించారు. ఈసారి ప్రాణాలు దక్కాయి. రాత్రింబవళ్లు వానలో నిలబడి కార్మికులు కొద్ది రోజుల్లోనే లైను తిరిగి నిలబెట్టారు. 2025 అక్టోబరులో మొంథా తుఫాను వస్తున్నదని తెలిసి చాలా రైళ్లను ముందే రద్దు చేశారు. 29న డోర్నకల్లు స్టేషన్లో పట్టాల మీదికి నీళ్లొచ్చినా 2005 నాటి ఘోరం జరగలేదు. దీన్ని మనం తక్కువ చేయకూడదు. ముందుగా ఆపడం వల్ల ప్రాణాలు నిలుస్తాయి. వరదలో రైలు నడపమని ఏ స్త్రీల సంఘమూ అడగదు.

మన ప్రశ్న ఆపిన తర్వాత మొదలవుతుంది. రిజర్వేషను ఉన్న ప్రయాణికుడి ఫోనుకు రైలు రద్దయిందని మెసేజి వస్తుంది. ఇంటర్నెట్‌లో కొన్న టిక్కెట్టు డబ్బు దానంతటదే ఖాతాలోకి తిరిగి వస్తుంది. జనరల్ టిక్కెట్టు కొనుక్కున్న కూలి మనిషికి ఎవరు చెప్పాలి? ఆమె టిక్కెట్టు తీసుకుని కిటికీ దగ్గర వరుసలో నిలబడి డబ్బు అడగాలి. మైకులో చెప్పింది వినబడలేదంటే ప్లాట్‌ఫారం మీదే కూర్చుంటుంది. సమాచారం కూడా తరగతిని బట్టే అందుతున్నది.

తేరుకోవడం అంటే ఏమిటో 2020 మనకు బాగా చూపింది. అది తుఫాను కాదు, కరోనా. మార్చిలో ప్రయాణికుల రైళ్లన్నీ ఆగిపోయాయి. తర్వాత ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. నిలువు గీత మీద రైళ్ల సంఖ్య పెడితే గీత బాగానే ఎక్కింది. కానీ పాసింజరు బండ్లు చాలావరకు "స్పెషల్" పేరుతో, ఎక్స్‌ప్రెస్ చార్జీతో వచ్చాయి. పది రూపాయలుండే కనీస చార్జీ ముప్పై అయింది. పాత చార్జీలు తిరిగి వచ్చింది 2024 ఫిబ్రవరిలో. ఈలోపు చిన్న స్టేషన్లలో ఆగడం మానేసిన బండ్లున్నాయి. రైల్వే గ్రాఫులో రైలు తిరిగి వచ్చిన రోజు, కూలి స్త్రీ గ్రాఫులో చార్జీ మూడింతలైన రోజు. ఈ రెండు గీతలూ ఒకటి కాదు.

పట్టాకు థర్మామీటరు ఉంది

మా ప్రాంతంలో వరద కంటే ఎండ ముఖ్యం. ఎండకు ఉక్కు పట్టా వ్యాకోచిస్తుంది, హద్దు మీరితే వంకర పోతుంది. అందుకని రైల్వే పట్టా ఉష్ణోగ్రతను కొలుస్తుంది. అది నిర్ణీత స్థాయి దాటితే ఎండలో గస్తీ తిరిగే మనిషిని పంపుతుంది. చాలా సరైన పని. కానీ ఆ గస్తీ మనిషి ఒంటి ఉష్ణోగ్రత ఎవరు కొలుస్తున్నారు? ట్రాక్ నిర్వహణలో ఇప్పుడు స్త్రీలూ ఉన్నారు. డ్యూటీలో చనిపోయిన భర్త ఉద్యోగం పొంది సుత్తె, పార పట్టిన వాళ్లు వీళ్లలో ఉన్నారు. చెట్టు నీడ లేని చోట, మరుగు లేని చోట కిలోమీటర్ల కొద్దీ నడిచే స్త్రీకి నెలసరి రోజుల్లో ఎండ ఏమిటో, నీళ్లు తాగకుండా ఎందుకు ఓర్చుకుంటుందో మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు.

2019 జూన్‌లో ఝాన్సీ దగ్గర కేరళ ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణిస్తున్న నలుగురు వడదెబ్బతో చనిపోయారు. ఆ రోజు పట్టా వంగలేదు, వంతెన కూలలేదు. రైలు మార్గం తేరుకునే శక్తిని మాత్రమే కొలిస్తే ఆ రోజుకు పూర్తి మార్కులు పడతాయి. మే నెల మధ్యాహ్నం జనరల్ బోగీలో, తలుపు దగ్గర కూడా చోటు లేక దొడ్డి గది పక్కన కూర్చున్న నిండు గర్భిణీ గుంటూరు పెద్దాసుపత్రికి ఎలా చేరిందన్నది ఆ కొలతలో ఎక్కడా రాదు.

సమయం సంగతీ అంతే. రవాణా అర్థశాస్త్రంలో ఆలస్యానికి విలువ కట్టేటప్పుడు ప్రయాణికుడి సంపాదనను ఆధారంగా తీసుకోవడం మామూలు. సంపాదన ఎక్కువున్నవాడి గంట ఖరీదైనది, కూలీది చౌక, ఇంట్లో చాకిరీ చేసే ఆమెది దాదాపు ఉచితం. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు, చేసే పురుషులు 88 నిమిషాలు. రైలు నాలుగు గంటలు ఆగితే ఆ ఇంటిపని నాలుగు గంటలు ఆగదు. స్త్రీ నిద్రలోంచి కోసుకుని పూడుస్తుంది, లేదా బడికి పోవాల్సిన కూతురు పూడుస్తుంది. రైల్వే నష్టం కూతురి హాజరు పట్టీలోకి బదిలీ అవుతుంది.

రెండు రాజ్యాల నడుమ

గిద్దలూరు నుంచి కొమరోలు మీదుగా ఇంకా ముందుకు పోతే కడప జిల్లా పోరుమామిళ్ల వస్తుంది. అక్కడి చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు తవ్వించి వేయించినది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. కట్ట ఊట వేయడం ఒక దోషం. నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఒకటి. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం ఇంకొకటి.

ఆరున్నర శతాబ్దాల కిందటి ఈ కొలతలో నాకు ముఖ్యంగా తోచింది ఆ సరిహద్దు దోషమే. మట్టి గురించి, నీటి గురించి చెప్పే జాబితాలో బాధ్యత గురించి కూడా ఉంది. ఇద్దరి మధ్య ఉన్నదాన్ని ఎవరూ చూడరని ఆ రోజే తెలుసు. ఇవాళ మన రైలు మార్గాలకు పట్టిన దోషం ఇదే. పైన చెరువు నీటిపారుదల శాఖది లేదా పంచాయతీది, కింద వంతెన రైల్వేది. తెగితే రైలు దారిని ముంచగల చెరువుల జాబితా రైల్వే దగ్గర ఉంటుంది. వానాకాలానికి ముందు రాష్ట్ర అధికారులతో కలిసి వాటిని తనిఖీ చేయాలన్న నియమమూ ఉంది. వలిగొండ మరణాలు ఆ నియమం ఎంత ముఖ్యమో రక్తంతో రాసి చూపాయి. ప్రయాణికురాలి సంగతీ ఇంతే. గిద్దలూరు దాకా ఆమె రైల్వే మనిషి. స్టేషన్ గేటు దాటాక ఆర్టీసీ మనిషి. చివరి బస్సు పోయాక ఎవరి మనిషీ కాదు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో స్త్రీలకు చార్జీ లేదు. రైలు రద్దయిన రోజు ఇది నిజమైన ప్రత్యామ్నాయం కాగలదు, రాత్రి తొమ్మిదికి ఆ బస్సు ఉంటేనే.

ఇంజనీరు మిత్రులు నాతో వాదిస్తారు. పట్టా లేకపోతే ఏ రైలూ లేదు కదా, ముందు పట్టాను కొలవనివ్వండి అంటారు. గూడ్సులో వచ్చేది మీ రేషను బియ్యమే కదా అంటారు. నిజమే. పట్టాను కొలవవద్దని నేనడం లేదు. పట్టాతో ఆపేయవద్దంటున్నాను. గుంటూరు, గుంతకల్లు మధ్య రెండో లైను పనులు చేపట్టారు. కాగితం మీద ప్రత్యామ్నాయం రెట్టింపవుతుంది. కానీ విపత్తు రోజున ఆ రెండో లైను మీద మొదట ఎవరిని పంపుతారన్నది ఉక్కు తేల్చే విషయం కాదు, నిర్ణయం తేలుస్తుంది. నిర్ణయాన్ని కూడా కొలవాలి.

మనం అడగాల్సినవి

ఒకటి, విపత్తు తర్వాత పాసింజరు, మెము బండ్లు ఎన్ని రోజులకు, ఏ చార్జీతో, ఏయే స్టేషన్లలో ఆగుతూ తిరిగి వచ్చాయో విడిగా లెక్క చెప్పాలి. ఎక్స్‌ప్రెస్‌లతో కలిపి సగటు తీయకూడదు.

రెండు, రైలు ఆగిన ప్రతి స్టేషన్లో తాగునీరు, వెలుతురు, గడియ ఉన్న మరుగుదొడ్డి, తిండి ఎన్ని గంటలకు అందాయో నమోదు కావాలి.

మూడు, జనరల్ టిక్కెట్టు ప్రయాణికులకు రద్దు సంగతి ఎలా చెప్పారు, డబ్బు ఎంతమందికి తిరిగి ఇచ్చారు అన్నది లెక్కలో ఉండాలి.

నాలుగు, ఎండాకాలంలో జనరల్ బోగీ లోపలి ఉష్ణోగ్రతను, గస్తీ కార్మికుల పనిగంటలను పట్టా ఉష్ణోగ్రతతో పాటే రాయాలి.

ఐదు, రైలు దారికి ముప్పు తేగల చెరువుల తనిఖీ నివేదికను ఆ ఊరి గ్రామసభలో చదవాలి. కట్ట ఎక్కడ ఊట వేస్తున్నదో రోజూ గేదెల్ని తోలుకుపోయే స్త్రీకి ఇంజనీరు కంటే ముందు తెలుస్తుంది.

ఇవి అడగడానికి మనకు దారులున్నాయి. సమాచార హక్కు చట్టం 2005 ఉంది. రైల్వేకు పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే మామూలుగా ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్న వాళ్లకు ఆ ఫీజూ లేదు. గిద్దలూరు ఉన్న మార్గం గుంటూరు డివిజన్‌ది. ప్రతి డివిజన్‌కూ ప్రయాణికుల సలహా సంఘం ఉంటుంది. అందులో వ్యాపారులు, పలుకుబడి ఉన్నవాళ్లు కూర్చుంటే చాలదు, పాసింజరు ఎక్కే స్త్రీలూ కూర్చోవాలి.

అన్నిటికంటే ముందు మన సంఘాల్లో ఒక నోటు పుస్తకం పెడదాం. ఒక్క సంవత్సరం చాలు. వలస పోయే, ఆసుపత్రికి పోయే, కాలేజీకి పోయే ప్రతి స్త్రీ ప్రయాణం రాద్దాం: ఇంటి నుంచి బయల్దేరిన వేళ, చేరిన వేళ, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఎంత ఖర్చయింది, ఆమె లేనప్పుడు ఇంట్లో ఆమె పని ఎవరు చేశారు. ఇంజనీర్ల గ్రాఫు పక్కన మన గ్రాఫు పెడదాం. రెండింటి మధ్య ఎంత ఖాళీ ఉందో అప్పుడు వాదించనక్కర్లేదు, చూపించవచ్చు.

నా ప్రశ్నాపత్రం మార్చాను. "రైలు ఎన్ని గంటలు ఆలస్యమైంది?" అన్న ప్రశ్న తీసేశాను. "మీరు ఇల్లు ఎప్పుడు చేరారు?" అని రాసుకున్నాను. గడి కూడా కొంచెం పెద్దది చేశాను.